‘ది పాపీ వార్’: రిన్ నిప్పుకి వెల ఎవరు కట్టారు

ఫాంటసీ నవలలు రాసేవాళ్లలో చాలామంది ఇప్పుడు పాటించే నియమం ఒకటుంది: మాయ ఊరికే రాకూడదు. శక్తిని వాడినవాళ్ల ముక్కులోంచి రక్తం కారాలి, ఆయుష్షు తరగాలి, జ్ఞాపకాలు చెరిగిపోవాలి, ఏదో ఒకటి పోవాలి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. చిటికె వేస్తే ఏదైనా జరిగిపోయే లోకంలో కథానాయికకి ఏమవుతుందోనన్న టెన్షన్ పాఠకుడికి ఉండదు. వెల ఉంటే శక్తికి హద్దు ఏర్పడుతుంది, ఆ హద్దు దగ్గరే కథ పుడుతుంది.

ఆర్.ఎఫ్. కువాంగ్ రాసిన ‘ది పాపీ వార్’ (2018)లో మాయకి చాలా పెద్ద వెల ఉంది. అయితే ఆ వెల కథానాయికని ఎక్కడా ఆపదు, పైగా ముందుకి తోస్తుంది. ఇంత పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత చేసే హక్కు నాకుందని ఆమె నమ్ముతుంది. పోగొట్టుకున్న ప్రతిసారీ ఆ నమ్మకం గట్టిపడుతుంది. చివరికి అసలు వెల కట్టాల్సి వచ్చేది ఆమె ఎన్నడూ చూడని లక్షల మంది. ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా అందులోని హింస దగ్గరే ఆగిపోతారు. హింస నిజంగానే భరించలేనంత ఉంది. కానీ నవలని నడిపేది దాని వెనకున్న ఈ లెక్క. దాన్ని వివరించాలంటే ముగింపుతో సహా కథంతా చెప్పక తప్పదు.

కువాంగ్ 1996లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వెళ్లి టెక్సస్‌లో పెరిగారు. ఈ నవల మొదలుపెట్టేనాటికి ఆమెకి పందొమ్మిదేళ్లు. 2019లో ‘ది డ్రాగన్ రిపబ్లిక్’, 2020లో ‘ది బర్నింగ్ గాడ్’ రావడంతో మూడు భాగాల కథ పూర్తయింది. ఇందులోని నికాన్ సామ్రాజ్యం వెనక ఇరవయ్యో శతాబ్దపు చైనా, దాని మీదకి దండెత్తే ముగెన్ ఫెడరేషన్ వెనక జపాన్ స్పష్టంగా కనిపిస్తాయి. కథానాయిక రిన్‌కి మావో జెడాంగ్ జీవితాన్ని నమూనాగా తీసుకున్నానని రచయిత్రే చెప్పారు. ఆ సంగతి తెలిసి చదివినా మొదటి వంద పేజీల్లో రిన్ గెలవాలనే కోరుకుంటాం. పాఠకుణ్ని అలా తన పక్షాన నిలబెట్టుకోవడం ఈ నవలకి చాలా అవసరం, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

రిన్ యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్ల. దక్షిణాన టికానీ అనే ఊళ్లో నల్లమందు దొంగవ్యాపారం చేసే ఫాంగ్ కుటుంబం ఆమెని పెంచింది. పెంచింది అనడం కన్నా పనికి పెట్టుకుంది అంటే సరిపోతుంది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి, వ్యాపారానికి అక్కరకొస్తాడని ఒక వయసు మళ్లిన అధికారికి ఆమెనిచ్చి పెళ్లి చేయాలనుకుంటారు. తప్పించుకోవడానికి రిన్‌కి ఒక్కటే దారి దొరుకుతుంది: దేశమంతటా జరిగే కేజు పరీక్ష. చైనాలో వెయ్యేళ్లకి పైగా నడిచి 1905లో రద్దయిన ప్రభుత్వ పరీక్షలకి ఉన్న పేరే ఇది. రాత్రుళ్లు నిద్ర ముంచుకొస్తుంటే రిన్ కొవ్వొత్తి మైనాన్ని తన చేతి మీద పోసుకుంటూ చదువుతుంది. ఎంసెట్ ర్యాంకుల కోసం కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో పిల్లలు ఎలా చదువుతారో చూసిన తెలుగు పాఠకులకి ఈ పేజీలు ఫాంటసీలా అనిపించవు.

అప్పటికి నవల్లో మాయ ఊసే లేదు. దేవతలు లేరు, నిప్పు లేదు. అయినా తర్వాత రాబోయే మాయ సూత్రమంతా రిన్ ఒంటికి పట్టింది ఇక్కడే. నొప్పి పెడితే ఫలితం వస్తుంది. పెట్టిన నొప్పి ఎంత ఎక్కువైతే ఫలితం మీద హక్కు అంత గట్టిది. పరీక్షలో ఆమె తన ప్రావిన్స్ మొత్తానికి మొదటి స్థానంలో నిలుస్తుంది, సూత్రం నిజమని రుజువైపోతుంది. అప్పుడు ఆమె ఓడిపోయి ఉంటే ఒక ద్వీపం బతికి ఉండేదేమో అన్న ఆలోచన నవల పూర్తి చేశాక వెంటాడుతుంది.

రిన్ చేరిన సినెగార్డ్ సైనిక అకాడమీలో అందరూ సేనాపతుల పిల్లలు, మంత్రుల పిల్లలు. నల్లటి రంగు, దక్షిణాది యాస ఉన్న పేదపిల్లని వాళ్లు బతకనివ్వరు. ఆమెకి దొరికే స్నేహితుడు కితాయ్, ఒకసారి చదివింది జన్మలో మరిచిపోడు. శత్రువు నేజా, డ్రాగన్ ప్రావిన్స్ ప్రభువు కొడుకు. నేజా, రిన్ గురువు జియాంగ్ జియా, సామ్రాజ్ఞి దాజీ అనే పేర్లు మింగ్ కాలపు చైనా నవల ‘ఫెంగ్‌షెన్ యాన్‌యీ’ నుంచి వచ్చాయి. చైనా జానపదంలోని బాలదేవుడు నేజా మూలాల్ని పరిశోధకులు మన నలకూబరుడి దాకా తీసుకొచ్చారు. భాగవతంలో మద్దిచెట్టై శాపవిమోచనం కోసం ఎదురుచూసిన ఆ కుబేరుడి కొడుకే బౌద్ధ గ్రంథాల వెంట చైనా చేరి అక్కడి కథల్లో స్థిరపడ్డాడు. 

అకాడమీలో మొదటి ఏడాదే రిన్ ఇంకో వెల చెల్లిస్తుంది. నెలసరి వచ్చిన రోజుల్లో శిక్షణ పోతుందని, మగపిల్లల కన్నా వెనకబడతానని భయపడి వైద్యుడి దగ్గరికి వెళ్తుంది. గర్భాశయాన్ని శాశ్వతంగా నాశనం చేసే మందు ఇస్తే తాగేస్తుంది. నొప్పితో మెలికలు తిరుగుతుంది, తేరుకున్నాక ఊరట చెందుతుంది. ఈ ఘట్టం మీద చాలా వాదన జరిగింది. ఆడపిల్ల బలపడాలంటే ఆడతనం వదులుకోవాలా అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే రిన్ చేసింది సరైనదని నవల ఎక్కడా చెప్పదు. ఆమె ఎంత త్వరగా నిర్ణయించుకుందో, ఎంత తక్కువ ఆలోచించిందో చూపిస్తుంది. తిరిగిరానిదాన్ని ఇచ్చేయడం ఆమెకి అప్పటికే అలవాటైపోయింది. అలవాటైనవాళ్ల చేతికి దేవత శక్తి వస్తే ఏమవుతుందన్నది నవల రెండో సగం.

ఆ శక్తిని ఆమెకి పరిచయం చేసే గురువు జియాంగ్. అందరూ పిచ్చివాడనుకునే మనిషి, ఆయన చెప్పే పాఠానికి విద్యార్థులే ఉండరు. చైనా ప్రాచీన జోస్య గ్రంథం ‘యీజింగ్’లోని అరవై నాలుగు రేఖాచిత్రాల్లాగే ఈ లోకంలో అరవై నాలుగు మంది దేవతలు. మత్తు పదార్థాలతోనో ధ్యానంతోనో మనసు తలుపు తెరిచినవాడు వాళ్లని పిలవగలడు. ఇక్కడి మాయలో యంత్రాలు, తాయెత్తులు, మంత్రాక్షరాలు లేవు. ఇది పూనకం. బోనాల్లో రంగం చెప్పేటప్పుడైనా, జాతరలో శివసత్తు ఊగేటప్పుడైనా పూనిన అమ్మవారు చెప్పాల్సింది చెప్పి, సాక తీసుకుని శాంతిస్తుంది, ఆ మనిషి మళ్లీ మామూలు మనిషి అవుతుంది. నికాన్ దేవతలు అలా వదిలిపోరు. వాళ్లకి ఈ లోకంలోకి రావాలని ఆకలి. ఒకసారి తెరిచిన తలుపుని ప్రతిసారీ ఇంకాస్త తోస్తారు. చివరికి మనిషి పోయి దేవత మాత్రం ఆ ఒంట్లో మిగులుతుంది. ఇలా దేవతల్ని పిలిచేవాళ్లే షామన్‌లు. అలా మతి తప్పిన షామన్‌లని చులూ కొరిఖ్ అనే కొండలో, రాతి లోపల, స్పృహ ఉండగానే సమాధి చేస్తారు.

మాయకి కువాంగ్ పెట్టిన వెల ఇది, ఊహగా చాలా గొప్పది. శరీరం అలిసిపోతే విశ్రాంతి తీసుకోవచ్చు. ఇక్కడ తరిగిపోయేది ‘నేను’ అనేదే. పైగా ఎంత తరిగిందో చూసుకోవాల్సిన మనసే తరిగిపోతోంది కాబట్టి, లోపల ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలియదు. బయటివాళ్లు కనిపెట్టి చెప్పాలి. అందుకే సామ్రాజ్ఞికి పనిచేసే షామన్‌ల దళం సైక్‌లో నాయకుడికి రెండు బాధ్యతలుంటాయి. వాళ్లని యుద్ధంలో నడిపించడం ఒకటి. ఎవరికైనా మతి తప్పితే తన చేత్తోనే వాళ్ల సంగతి తేల్చడం రెండోది.

నవల అంతటికీ ఇరుసు లాంటిది జియాంగ్‌కీ, సైక్ నాయకుడు ఆల్టన్‌కీ మధ్య ఉన్న తేడా. వెల ఇంత భయంకరమైంది కాబట్టి ఆ శక్తిని ఆయుధంగా వాడొద్దంటాడు జియాంగ్. దేవతల్ని తెలుసుకో, పిలవకు అంటాడు. ఆల్టన్‌ది పూర్తిగా వేరే లెక్క. ఫీనిక్స్ అనే నిప్పుదేవతని కొలిచే స్పీర్ ద్వీపవాసుల్లో బతికి బయటపడ్డది తానొక్కడే అని లోకమంతా నమ్మే మనిషి అతను. నికాన్ చక్రవర్తులు ఆ జాతిని తరతరాలుగా యుద్ధ బానిసలుగా వాడుకున్నారు, నల్లమందుకి అలవాటు చేసి గుప్పిట్లో పెట్టుకున్నారు. తర్వాత ముగెన్ సైన్యం ఒక్క రాత్రిలో ఆ ద్వీపాన్ని తుడిచిపెట్టింది. చిన్నపిల్లాడైన ఆల్టన్ మీద ప్రయోగశాలలో ప్రయోగాలు జరిగాయి. ఇప్పుడు అతను మత్తు లేకుండా ఒక్కరోజు నిలవలేడు. మా జాతి వెల ఎప్పుడో కట్టేసింది, ఇక వసూలు చేసుకోవడమే మిగిలిందన్నది అతని నమ్మకం. 

తను కూడా స్పీర్ రక్తమేనని తెలిసిన రిన్‌కి ఈ ఇద్దరిలో ఎవరి మాట రుచిస్తుందో ఊహించవచ్చు. కొవ్వొత్తి దగ్గర మొదలైన పిల్ల ఆమె. ‘కట్టేశాం కాబట్టి వసూలు చేసుకుందాం’ అనే మాట ఆమెకి పుట్టుభాష లాంటిది. జియాంగ్ చెప్పింది ఆమెకి పిరికితనంలా వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఆ ఘట్టాల్లో పాఠకుడికి కూడా అలాగే వినిపిస్తుంది, ఎందుకంటే బయట నగరాలు తగలబడుతున్నాయి, ఒక గురువు మాత్రం ధ్యానం గురించి చెబుతున్నాడు.

నవల పేరులో ఉన్న గసగసాల మొక్క కూడా ఈ లెక్కలో భాగమే. చైనాని పీల్చి పిప్పిచేసిన నల్లమందులో అధికభాగం వెళ్లింది భారతదేశం నుంచే. ఈస్టిండియా కంపెనీ బీహార్, బెనారస్ ప్రాంతాల రైతుల చేత గసగసాలు వేయించి, సరుకుని కలకత్తాలో వేలం వేసేది. అక్కడినుంచి వ్యాపారుల ఓడల్లో అది చైనా చేరేది. 1839లో లిన్ జెషూ అనే అధికారి గ్వాంగ్‌జౌ దగ్గర ఇరవై వేలకి పైగా పెట్టెల నల్లమందు పట్టుకుని నాశనం చేయించాడు, దానికి బ్రిటన్ యుద్ధానికి దిగింది. 1842లో చైనా హాంకాంగ్‌ని వదులుకోవాల్సి వచ్చింది. గాజీపూర్‌లో కంపెనీ కాలంలో మొదలైన నల్లమందు ఫ్యాక్టరీ ఇప్పటికీ ప్రభుత్వం చేతిలో నడుస్తోంది. లాభం లండన్‌కి, అప్పు బీహార్ రైతుకి, మత్తు గ్వాంగ్‌జౌ కూలీకి. కువాంగ్ నవల్లో భారతదేశం ప్రస్తావన లేదు. కానీ ఒకరి శక్తికి వెల ఎక్కడో ఉన్న ఇంకొకరు కట్టడం అనే ఏర్పాటు చరిత్రలో ఎలా ఉంటుందో మన నేలకి బాగా తెలుసు. దేవతల్ని పిలవడానికీ స్పీర్ జాతిని లొంగదీయడానికీ ఒకే మొక్కని వాడటం ఈ నవల్లోని అత్యంత తెలివైన కల్పన.

ముగెన్ దాడి తర్వాత కథ రంగు పూర్తిగా మారిపోతుంది. స్కూలు కథలాగా సాగిన మొదటి సగం నుంచి ఇంత చీకటిలోకి పడటం చాలామందికి రెండు వేర్వేరు పుస్తకాలు చదివినట్టు అనిపించింది. ఇరవై ఒకటో అధ్యాయంలో రిన్ గోలిన్ నీస్ అనే నగరంలోకి అడుగుపెడుతుంది. యుద్ధం అప్పటికే అయిపోయింది, మిగిలినవి శవాల గుట్టలు. ఆ అధ్యాయం 1937 డిసెంబర్ 13న జపాన్ సైన్యం నాన్‌జింగ్‌ని పట్టుకున్నాక వారాల తరబడి జరిగిన మారణహోమానికి దాదాపు అద్దం. చనిపోయినవాళ్లు మూడు లక్షల మంది అని చైనా చెబుతుంది, యుద్ధం తర్వాత టోక్యో ట్రిబ్యునల్ రెండు లక్షలకి పైగా అని లెక్కగట్టింది. నవల్లో మనుషుల మీద ప్రయోగాలు చేసే డాక్టర్‌కి షిరో అని పేరు పెట్టడం కూడా కావాలని చేసిందే. హార్బిన్ దగ్గర ఖైదీల మీద ప్రయోగాలు చేసిన జపాన్ సైనిక విభాగం యూనిట్ 731ని నడిపిన ఇషీ షిరోని గుర్తుచేసే పేరు అది. ప్రయోగాల సమాచారం ఇచ్చినందుకు అమెరికా అతన్ని విచారణ నుంచి తప్పించింది.

నిజంగా చచ్చిపోయిన మనుషుల బాధని దేవతలూ నిప్పూ ఉన్న కథలోకి తేవచ్చా అన్న అభ్యంతరం వచ్చింది. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదది. అయితే కువాంగ్ ఆ అధ్యాయంలో మాయని ముట్టుకోలేదు. అక్కడ జరిగిన ఏ ఘోరానికీ దేవతలు అక్కర్లేదు, మామూలు సైనికులే సరిపోయారు. చరిత్రకి ఆ మాత్రం మర్యాద ఇచ్చాకే ఆమె రిన్‌ని నిప్పు వైపు నడిపించారు.

తర్వాత జరిగేది వేగంగా జరుగుతుంది. షామన్‌ల సైన్యాన్ని లేపుదామని ఆల్టన్, రిన్ చులూ కొరిఖ్‌కి వెళ్లి, ఒకప్పటి సహచరుడు ఫెయ్‌లెన్‌ని విడిపిస్తారు. బయటికొచ్చేది ఫెయ్‌లెన్ కాదు, అతని ఒంట్లోని గాలిదేవుడు. ఆ ఒక్క పొరపాటుకి వెల ఎవరెవరు కట్టారో రెండో భాగం దాకా తెలియదు. ముగెన్ చేతికి చిక్కి మళ్లీ అదే ప్రయోగశాలకి చేరిన ఆల్టన్, రిన్ తప్పించుకోవడానికి తనని తాను కాల్చుకుని చనిపోతాడు. ఈదుకుంటూ స్పీర్ చేరిన రిన్, పాడుబడ్డ గుడిలో ఫీనిక్స్‌ని పిలుస్తుంది. ఆ దేవతకి లొంగడం కన్నా చావే మేలనుకున్న పాతకాలపు స్పీర్ రాణి టియర్జా ఆత్మ అడ్డుపడుతుంది. రిన్ వినదు. ముగెన్ ద్వీపం కింద నిద్రపోతున్న అగ్నిపర్వతం బద్దలవుతుంది. సైనికులూ రైతులూ పసిపిల్లలూ ఎవరూ మిగలరు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద పడిన బాంబులు గుర్తుకి రాకుండా ఈ పేజీలు చదవడం సాధ్యం కాదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఇంకొకరు కూడా గుర్తొస్తారు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ. అన్యాయంగా తండ్రిని పోగొట్టుకున్నవాడు, కోపానికి నిజమైన కారణం ఉన్నవాడు. అర్జునుడికి ఎదురుగా వదిలిన బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం అర్జునుడికి వచ్చు, అశ్వత్థామకి రాదు. వెనక్కి తీసుకోలేనివాడు దాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లిస్తాడు. యుద్ధంలో ఏ పాత్రా లేని, ఇంకా పుట్టని బిడ్డ మీదికి. దానికి శిక్షగా మూడు వేల సంవత్సరాలు ఒంటరిగా తిరగమని కృష్ణుడి శాపం. మహాభారతం అశ్వత్థామ దుఃఖాన్ని తక్కువ చేయదు, అయినా ఆ దుఃఖంతో ఆ అస్త్రం లెక్క సరిపోయిందని ఒప్పుకోదు. ‘ది పాపీ వార్’లో శపించడానికి కృష్ణుడు లేడు. ఆ పని స్నేహితుడు కితాయ్ మీద పడుతుంది. గోలిన్ నీస్ నరకాన్ని కళ్లారా చూసి బతికినవాడు అతను, పగ తీర్చుకునే హక్కు ఎవరికైనా ఉంటే అతనికే ఉండాలి. రిన్ చేసింది విని నివ్వెరపోయేదీ, ఆ ద్వీపంలో ఉన్నది మామూలు మనుషులని గుర్తుచేసేదీ అతనే. రిన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: వాళ్లు మనుషులు కారు. నికాన్ ప్రజల గురించి ముగెన్ సైనికులు అనుకున్నది సరిగ్గా ఇదే.

నవలకి ఒక పెద్ద లోపం ఉంది, అదీ ఇక్కడే. చనిపోయిన ద్వీపంలోని ఒక్క మనిషి ముఖం కూడా పాఠకుడికి అంతకుముందు కనిపించదు. ముగెన్ అంటే సైనికులు, డాక్టర్ షిరో, అంతే. ఒక అంగడి, ఒక పెళ్లి, బడికి వెళ్లే ఒక పిల్ల, ఏదీ లేదు. అందువల్ల మొదటిసారి చదివేటప్పుడు అగ్నిపర్వతం బద్దలైతే చాలామందికి కలిగేది ఊరట. కావాలనే అలా రాశారని, పాఠకుణ్ని రిన్ గుడ్డితనంలో భాగం చేయడమే ఉద్దేశమని సమర్థించవచ్చు. మొదట్లో ఆమె పక్షాన నిలబెట్టుకున్నది అందుకే. ఆ వాదనలో సగం నిజం ఉంది. మిగతా సగానికి వస్తే, కితాయ్ వేసిన ప్రశ్న తగినంత బరువుగా తగలాలంటే అవతలి ఒడ్డున కనీసం ఒక ఇల్లు కనిపించి ఉండాల్సింది.

రెండో భాగంలో రిన్ లోపలి నిప్పు బయటికి రాకుండా ఆమె మనసు మీద ముద్ర పడుతుంది. నల్లమందుకి ఆల్టన్ ఎలా బానిసయ్యాడో ఆమె అలాగే అవుతుంది. ముద్రని దాటడానికి దొరికే మార్గం ఇంకొకరి మనసుతో తన మనసుని కట్టేసుకోవడం. కితాయ్ ఒప్పుకుంటాడు. ఆమె నిప్పు పిలిచిన ప్రతిసారీ అది అతని మనసు గుండా పోతుంది, ఆమె శక్తి పెరిగే కొద్దీ అతను నలుగుతాడు, ఒకరు చస్తే రెండోవాళ్లు చస్తారు. మూడు నవలల్లోనూ ఎదురుగా కూర్చుని, ఏం పోతుందో తెలిసి, వెల కట్టడానికి సరేనన్న మనిషి దాదాపు అతనొక్కడే. స్పీర్ జాతిని ఎవరూ అడగలేదు, ముగెన్ పల్లెల్నీ అడగలేదు. చివరి భాగంలో దేశాన్ని తన నుంచి కాపాడటానికి రిన్ తన చావుని నేజా చేతిలో పెట్టినప్పుడు, ఆ నిర్ణయానికి కూడా కితాయ్ ప్రాణం కలిపి కట్టాల్సి వస్తుంది. ఈసారి మాత్రం ఆమె ముందు అతని వైపు చూసి, అతను ఒప్పుకున్నాకే కదులుతుంది.